కూరల మీద ఉన్న శ్రద్ధ మాత్ర మీద లేదేం?

నిన్న బంధువుల గృహప్రవేశం భోజనాల్లో వడ్డించే అబ్బాయి నా విస్తట్లో క్యాబేజీ కూర వేయబోతుంటే, మా మేనత్త గరిటె ఆపించి "దానికి థైరాయిడ్ ఉంది, వేయకు నాయనా" అని పందిరంతా వినబడేలా ప్రకటించింది. అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో, ఉడికించిన క్యాబేజీని అందరిలా తింటే ఏమీ కాదని డాక్టర్లు ఎంత చెప్పినా, వాట్సాప్ వైద్యం ముందు అది దిగదుడుపే. ఆ అయోడిన్ ఉప్పు కూడా మానేసి సైంధవ లవణం వాడమని పొట్లాలు పంపేది ఈవిడే. అందులో చాలినంత అయోడిన్ ఉండదంటే వెంటనే పూర్వీకులను రంగంలోకి దింపుతుంది. ఆ పూర్వీకులు అంత ఆరోగ్యవంతులైతే 1962లో, అయోడిన్ చాలక వచ్చే గొంతువాపును అరికట్టే జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం ఎవరికోసం మొదలుపెట్టారో మరి!

పోనీ, ఇంత శ్రద్ధ గలవారు మాత్రనైనా సరిగ్గా వేసుకోనిస్తారా? థైరాయిడ్ మాత్ర లెవోథైరాక్సిన్‌ను పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, కనీసం అరగంట కాఫీ కూడా ముట్టకూడదు; క్యాల్షియం, ఐరన్ మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఒక పక్క పాలు పొంగుతూ, మరో పక్క క్యారియర్లు సర్దవలసి ఉండగా ఏ ఇల్లాలికి ఆ అరగంట దక్కుతుంది? మాత్ర కాఫీతోనే గొంతు దిగుతుంది, వెనకాలే క్యాల్షియం బిళ్ళా దిగుతుంది. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ పెరిగినట్లు, అంటే థైరాయిడ్ హార్మోను చాలడం లేదని రిపోర్టు వస్తే మాత్రం "నోరు కట్టుకోవాలమ్మా" అని తీర్పు చెప్పడానికి అందరికీ తీరిక ఉంటుంది. మోతాదు మార్చిన తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించాలన్నా వినకుండా, వారం తిరగకముందే "ఇంకా తగ్గలేదా?" అని ఆరా తీస్తారు.

అయినా నా కోపం క్యాబేజీతో మొదలైనది కాదు. మా చెల్లెలి పెళ్ళిచూపులకు మగపెళ్ళివారు వస్తున్నారని, దాని థైరాయిడ్ మాత్రల సీసాను బియ్యం డబ్బాలో అడుగుకంటా పూడ్చిపెట్టింది ఈ మేనత్తే. పెళ్ళయి, దానికి నెల తప్పాక "కడుపుతో ఉన్నవాళ్ళకు ఇంగ్లీషు మందులు వేడి" అంటూ మాన్పించబోయిందీ ఈవిడే. మొదటి మూడు నెలలూ కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారమని, అప్పుడు చాలామందికి మోతాదు పెంచవలసి వస్తుందే తప్ప ఆపకూడదని డాక్టరమ్మ చీవాట్లు పెడితే గానీ ఊరుకోలేదు.

ఆ పెళ్ళిచూపుల్లో అబ్బాయికి షుగరుందా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఆయనగారి షుగరు మాత్రలు ఇప్పుడు భోజనాల బల్ల మీద ఆవకాయ జాడీ పక్కనే, వచ్చేపోయేవారందరికీ కనబడేలా దర్జాగా ఉంటాయి.