చిరంజీవి చరాంగోకి

ఉభయకుశలోపరి. ఆనవాయితీ కాబట్టి అలా రాశాను. నిజానికి మనిద్దరిలో ఎవరూ కుశలంగా లేరు, ఆ సంగతి తర్వాత.

మా మేనల్లుడు బొలీవియా నుంచి నిన్ను తెచ్చినప్పుడు చంకలో ఇమిడేంత బుల్లి గిటార్‌లా ఉన్నావు కదా, ఏం కష్టంలే అనుకున్నాను. పిట్ట కొంచెం, కూత ఘనం. పది తీగలు, ఐదు జతలు. పోనీ వరసగా శ్రుతి చేద్దామంటే నీ ఇంట్లో ఆరోహణ అన్న మాటే ఎవరూ విన్నట్టు లేదు. మన సరిగమల్లాంటి అక్కడి స్వరాల్లో సోల్, దో, మి, లా, మి. అన్నిటికంటే కింది స్వరం నట్టనడుమ జతలో దాక్కుంటుంది. ఆ జతలో రెండు తీగలదీ ‘మి’యే. మా పక్కింటి దంపతుల్లాగా ఇద్దరిదీ ఒకే మాట. ఆయన గొణుగుతారు, ఆవిడ అరుస్తారు. ఆవిణ్ని సర్దేలోపు పక్కన ‘లా’ జారిపోతుంది.

ఇంతకీ నువ్వెవరి పిల్లవి? స్పెయిన్ వాళ్లు రాకముందు ఆ ఆండీస్ కొండల్లో ఊదే వేణువులూ వాయించే డప్పులే కానీ, మీటే తీగలు లేవు. వాళ్ల గిటార్‌నీ, దాని చుట్టం లాంటి విహువేలా అనే పాత తీగల వాయిద్యాన్నీ చూసి అక్కడి జనం నిన్ను చేసుకున్నారు. అయినా 2007లో పెరూ నిన్ను తమ జాతి వారసత్వమంది. వెండి గనుల పొటోసీలో పుట్టింది, మా పిల్లే అంటుంది బొలీవియా. బర్త్ సర్టిఫికెట్ కోసం ఇంత కొట్లాట జరుగుతుంటే, నీకు ఒళ్లిచ్చిన కిర్కించోని తలుచుకునే నాథుడు లేడు. మన అలుగులాగా ఒంటిమీద పెంకున్న ఆర్మడిల్లో అది. ఆ పెంకునే ఎండబెట్టి నీకు వీపుగా బిగించేవాళ్లు, కొన్నిటికి వెంట్రుకలతో సహా. పాడాలని తపించిన కిర్కించోకి చచ్చాకే గొంతు వచ్చిందని అక్కడో కథ. ఆ కథ కట్టింది మాత్రం కిర్కించో కాదని ఒట్టేసి చెప్పగలను. ఇప్పుడు దానికి చట్టం అండ ఉంది, అందుకే నీది చెక్క వీపు.

పెరూలో కూస్కో దగ్గర కానాస్ అనే చోట కుర్రాళ్లు అమ్మాయిల కోసం నిన్ను వాయిస్తారు. రాత్రి నిన్ను ఊట పక్కన వదిలేసి వస్తే మత్స్యకన్య వచ్చి శ్రుతి చేసిపెడుతుందట. ఈ పద్ధతి నాకు తెగ నచ్చింది. మాకు ఊటలెక్కడివి? మంచినీళ్లు రోజు విడిచి రోజు, అదీ తెల్లవారుజామున నాలుగింటికి. నిన్న రాత్రి కుళాయి తిప్పి ఉంచి, నిన్ను సింకులో పడుకోబెట్టాను.

మత్స్యకన్య రాలేదు. నీళ్లు వచ్చాయి.

ఇట్లు,
హెయిర్ డ్రయ్యర్‌తో నీ పక్కనే కూర్చున్న
నీవాడు