సవరణ: రొమ్ము ఎముకకు కట్టే తీగల గురించి

ఓపెన్ హార్ట్ సర్జరీ తర్వాత కోలుకోవడం గురించి మొన్న రాసినదాంట్లో ఒక తప్పు దొర్లింది. ఆపరేషన్‌లో కోసిన రొమ్ము ఎముకను తిరిగి కలిపి కట్టే స్టీలు తీగలను 6 వారాలకు తీసేస్తారని రాశాను. తీయరు. చర్మం మీది కుట్లతో కలిపేసుకుని పొరబడ్డాను, తప్పు నాదే.

డిశ్చార్జ్ అయ్యేటప్పుడు గుండె సర్జన్లు చెప్పే వివరాల ప్రకారం, ఇన్‌ఫెక్షన్ లాంటి ఇబ్బంది వస్తే తప్ప ఆ తీగలు జీవితాంతం లోపలే ఉంటాయి. ఛాతీ ఎక్స్‌రేలో తెల్లటి ముడుల్లా, ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి కూడా. ఆ వారాల లెక్క ఎముకది: అతుక్కోవడానికి మామూలుగా 6 నుంచి 8 వారాలు, బాగా గట్టిపడడానికి 3 నెలల దాకా పడుతుంది.

“అయితే తీగలు తీసేదాకే జాగ్రత్త కదా?” అని ఒకరు అడిగారు. అందుకే ఈ సవరణ. డాక్టరు సరే అనేదాకా బరువులు ఎత్తకూడదు, సాధారణంగా 4, 5 కిలోలే హద్దు. పైన గాయం శుభ్రంగా మానిపోయి కనిపిస్తుంది కదా, తొందరపడేది అక్కడే. దగ్గొస్తే దిండును ఛాతీకి అదుముకుని దగ్గమని మొన్న రాసిన మాటలో మాత్రం మార్పు లేదు.