క్యాబిన్ ప్రెషరైజేషన్ అనేది తర్వాత అతికించే సామాను కాదు

ఇంట్లో కట్టుకునే చిన్న విమానానికి, ముందు ఎగరనిచ్చి, ఆ తర్వాత తీరిగ్గా ప్రెషరైజేషన్ (పై ఎత్తుల్లో క్యాబిన్ లోపల గాలి ఒత్తిడిని బయటికంటే ఎక్కువగా ఉంచే ఏర్పాటు) పెట్టుకోవచ్చని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కాకినాడ వైపు ఫైబర్ బోట్ల షెడ్లలో పని నేర్చిన మా మేనల్లుడిదీ ఇదే ధోరణి. "మామయ్యా, ఇంకో రెండు పొరలు వేసి, సందులకు సీలెంట్ పూస్తే గాలి ఎక్కడికి పోతుంది?" అంటాడు. వాడి పనితనం మీద నాకు గౌరవం ఉంది. ఆ లెక్క మీద మాత్రం లేదు.

అర మీటరు మునిగిన పడవ అడుగును నీళ్ళు చదరపు మీటరుకు అర టన్ను చొప్పున బయటి నుంచి నొక్కుతాయి. 24,000 అడుగుల ఎత్తున ఎగురుతూ లోపల 8,000 అడుగుల ఎత్తులో ఉండేంత గాలి ఒత్తిడి ఉంచాలంటే, లోపలికీ బయటికీ మధ్య చదరపు అంగుళానికి సుమారు 5 పౌండ్ల తేడా నిలపాలి. అంటే చదరపు మీటరుకు మూడున్నర టన్నులు, అదీ లోపలి నుంచి బయటకు. గుండ్రటి గొట్టం ఈ భారాన్ని చుట్టూ పంచుకుంటుంది. పెట్టెలా చదునైన పక్కలుంటే అవి ఉబ్బుతాయి, మూలలు చీలుతాయి. చదరపు మీటరు తలుపుంటే ఆ మూడున్నర టన్నులూ దాని గొళ్ళేలే మోయాలి. సీలెంట్ గాలిని ఆపుతుందే తప్ప బరువును మోయదు.

ఒక్కసారి నిలిచినంత మాత్రాన అయిపోదు. ప్రతి ప్రయాణంలో క్యాబిన్ ఒకసారి ఉబ్బి, ఒకసారి సడలుతుంది. 1954లో కామెట్ అనే బ్రిటిష్ జెట్ ప్రయాణికుల విమానాలు రెండు ఇలాగే గాలిలో విచ్ఛిన్నమై 56 మంది చనిపోయారు. ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో ఇంకో కామెట్‌ను నీళ్ళ ట్యాంకులో పెట్టి పదేపదే పీడనం ఎక్కించి దించితే, గోడకు కోసిన రంధ్రపు మూల దగ్గర పగులు మొదలైంది. గాలితో పరీక్షిస్తే పగిలినప్పుడు బాంబులా పేలుతుంది కాబట్టి నీళ్ళు వాడారు. షెడ్డులో కంప్రెసర్ గొట్టం తగిలించి చూద్దామనుకునేవాళ్ళు దయచేసి ఈ సంగతి రెండుసార్లు చదవండి.

ఇక గాలి ఎక్కడి నుంచి తెస్తారు? ఇంజనుకు గాలిని నొక్కి పంపే టర్బోఛార్జర్ నుంచి తీస్తే అది మరిగిపోతూ వస్తుంది, చల్లార్చాలి. ఎక్కడైనా లీకైతే నూనె పొగో కార్బన్ మోనాక్సైడో నేరుగా మీ ముక్కులోకి వస్తుంది. కంట్రోల్ కేబుళ్ళు గోడ దాటే ప్రతిచోటా సీలు పెట్టాలి, ఆ సీళ్ళు కేబుళ్ళను పట్టేయకూడదు. లోపలి గాలిని కొలత ప్రకారం బయటికి వదిలే అవుట్‌ఫ్లో వాల్వు, అది మొరాయిస్తే సేఫ్టీ వాల్వు, వీటన్నిటి బరువు. ఇంట్లో కట్టుకునే విమానాల్లో ప్రెషరైజేషన్ అసాధ్యమని నేను అనడం లేదు. కిట్ కొని కట్టుకునే లాన్‌కేర్ ఫోర్-పి విమానం ఉంది. కానీ దాన్ని ముందే రెసిన్ జిగురు పట్టించిన కార్బన్ ఫైబర్‌తో, ఈ భారాలన్నీ లెక్కవేసి రూపొందించారు. మన షెడ్డులో గది వేడిలో ఆరిన రెసిన్‌ను మే నెల రాజమండ్రి ఎండలో నిలబెడితేనే మెత్తబడే ప్రమాదం ఉంది.

అసలు మనకు ఆ ఎత్తు దేనికి? కోనసీమ సముద్ర మట్టానికి అంటుకునే ఉంది. హైదరాబాద్ వెళ్ళినా, అరకు వైపు తిరిగినా తూర్పు కనుమలు 1,700 మీటర్లు దాటవు. 9,000 అడుగుల్లో హాయిగా వెళ్ళి రావచ్చు. ఇంకా పైకి పోవాలనే ముచ్చట ఉంటే ఆక్సిజన్ సిలిండర్, ముక్కు గొట్టం చాలు. అమెరికా నిబంధనల్లో 12,500 అడుగులు దాటి అరగంటకు మించి ఉంటే పైలట్‌కు ఆక్సిజన్ తప్పనిసరి, 14,000 దాటితే క్షణం కూడా మినహాయింపు లేదు. ముక్కు గొట్టం 18,000 వరకు పనికొస్తుంది. కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో ఎక్కడో పడి ఉంటుంది, బ్యాటరీ మార్చి వేలికి పెట్టుకోండి.

మా వాడికి సిలిండర్ నేనే కొనిస్తానని చెప్పాను. ఫ్యూజలేజ్ (విమానపు మొండెం) గీతలు మొదటి నుంచి గీసి, భారాలు లెక్కవేసి, ఆ లెక్క ఏరోనాటికల్ ఇంజనీరు చేత చూపించి తెస్తే, ప్రెషరైజేషన్ గురించి అప్పుడు కూర్చుని మాట్లాడతాను.