చేయి చాచే ముందు లెక్క చెప్పాలి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఆ జిల్లా తీరంలోని ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి. హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫ్ దేశాల్లో స్థిరపడిన శ్రీకాకుళం బిడ్డలు అప్పుడు అడగకుండానే డబ్బు పంపారు. బియ్యం, దుప్పట్లు, టార్పాలిన్లు లారీల్లో వచ్చాయి. కూలిన చోట నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. సాయంలో అధిక భాగం మాత్రం ఆ కొద్ది వారాలతోనే ఆగిపోయింది.

దాతలకు ఓపిక లేదని స్వచ్ఛంద సంస్థలు వాపోవడం మామూలే. ఆ మాటతో మేము ఏకీభవించలేం. డబ్బు తీసుకున్న సంస్థ మళ్లీ డబ్బు అవసరమైనప్పుడే ఫోను చేస్తే ఇచ్చినవాడి మనసు ఎందుకు నొచ్చుకోదు? తానిచ్చిన అయిదు వేలు ఏ ఊరికి చేరాయో, ఆ మొక్కలు బతికాయో లేదో అతనికి ఒక్కరూ చెప్పలేదు. బతకకపోతే ఆ సంగతైనా చెప్పవచ్చు. నష్టాన్ని దాచకుండా చెప్పిన సంస్థ మీదే గురి కుదురుతుంది.

లెక్క చెప్పే ఈ విద్య మన పల్లెలకు కొత్త కాదు. అమ్మవారి సంబరం ముగిశాక పెద్దలు రామమందిరం దగ్గర కూర్చుని జమాఖర్చులు చదివి వినిపించే ఊళ్లు ఉత్తరాంధ్రలో ఇప్పటికీ ఉన్నాయి. 116 రూపాయలు ఇచ్చిన ముసలమ్మ పేరు, 10,116 ఇచ్చిన కాంట్రాక్టరు పేరు ఒకే కాగితం మీద ఉంటాయి. డప్పుల వారికెంత, షామియానాకెంత, మిగిలిందెంత అన్నీ నలుగురి ముందే తేలుతాయి. ఎవరైనా లేచి అడిగితే పెద్దమనిషి జవాబు చెప్పాలి. మరుసటి ఏడు చందా పుస్తకం పట్టుకుని వచ్చేవారికి గుమ్మంలో పీట వేసేది అందుకే. రిజిస్ట్రేషన్, ఆడిటర్, లెటర్‌హెడ్ అన్నీ ఉన్న సంస్థల్లో ఎన్ని ఈ పాటి పని చేస్తున్నాయి?

పన్ను రాయితీ ఆశ చూపి విరాళాలు రాబట్టే దారి కూడా ఇరుకైంది. విరాళాలపై ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది. కొత్త విధానాన్ని ఎంచుకున్న ఉద్యోగికి రసీదు వల్ల ఒరిగేదేమీ లేదు. అతడు ఇస్తే నమ్మి ఇవ్వాలి. ఇక కంపెనీల సామాజిక బాధ్యత నిధుల సంగతి. 2013 కంపెనీల చట్టం ప్రకారం అర్హత గల కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి, తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. శ్రీకాకుళం జిల్లాలో మందుల పరిశ్రమలు పైడిభీమవరం చుట్టూ ఉన్నాయి. మూత్రపిండాల వ్యాధితో కుంగిన ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి మండలాలు జిల్లా రెండో కొసన ఉన్నాయి. ఈ దూరం దరఖాస్తుల వల్ల తగ్గదు. కంపెనీ అధికారిని ఒక్క పూట ఉద్దానం తీసుకువచ్చి, డయాలసిస్ రోగి ఇంటి అరుగు మీద కూర్చోబెట్టగల మనిషి సంస్థలో ఉండాలి.

నాయకత్వం గురించి మాట్లాడవలసింది ఇక్కడే. స్థాపకుడి ఫోనులోనే దాతల నంబర్లన్నీ, స్థాపకుడి సంతకంతోనే చెక్కులన్నీ ఉంటే, ఆయన మంచాన పడిన నాడు సంస్థ కూడా మంచాన పడుతుంది. ఇందుకు భిన్నమైన ఉదాహరణ శ్రీకాకుళం పట్టణంలోనే ఉంది. కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెలుగు కథల గ్రంథాలయం కథానిలయాన్ని ప్రారంభించారు. ఆయన అడిగింది డబ్బు ఒక్కటే కాదు. పాత పత్రికలు ఎవరి అటక మీద ఉన్నాయో వెతికారు, రచయితలకు ఉత్తరాలు రాశారు, మిత్రులను పనిలోకి దింపారు. పత్రిక పంపినవాడు ఆ గ్రంథాలయం తనదనుకున్నాడు. మాస్టారు 2021లో కన్నుమూశారు. కథానిలయం మాత్రం మూతపడలేదు.

దాతలకూ ఒక మాట. ఇచ్చిన ప్రతి రూపాయీ బియ్యంగానో పుస్తకంగానో కనిపించాలని పట్టుబట్టవద్దు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే రోగికి బస్సు వేళ చెప్పి, పింఛను కాగితాలు సరిచేసి, ఆసుపత్రిలో వరుసలో నిలబడే కార్యకర్తకూ ఇల్లు గడవాలి. విదేశీ విరాళాల్లో పాలనా ఖర్చు 20 శాతం మించరాదని 2020 సవరణ చట్టం పరిమితి పెట్టింది. అందువల్ల జీతాల భారంలో కొంత స్థానిక విరాళాల మీదకు మళ్లుతుంది. కార్యకర్త జీతానికని చెప్పి అడగడానికి సంస్థలు సిగ్గుపడుతున్నాయి. ఆ సిగ్గు అనవసరం.

తుపానుల కాలం అక్టోబరులో మళ్లీ వస్తుంది. ఈలోగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సంస్థలు గత ఏడాది జమాఖర్చులను తాము పనిచేసే ప్రతి ఊరి సచివాలయం గోడ మీద తెలుగులో అతికించాలి. అదే కాగితాన్ని వంద రూపాయలు ఇచ్చినవారికి కూడా ఫోనులో పంపాలి. అడిగిన ప్రశ్నకు జవాబిచ్చే బాధ్యతను స్థాపకుడికి కాక, సంస్థలో ఎదుగుతున్న యువ కార్యకర్తకు అప్పగించాలి.