రాష్ట్రం ఇచ్చే గంజాయి కార్డు, ఫారంలో లేని ప్రశ్న

ఫిలడెల్ఫియా శివార్లలో మా స్నేహితురాలి ఇల్లు. డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. పక్కనే డ్రైవింగ్ లైసెన్సు, క్రెడిట్ కార్డు, ఆస్పత్రి కాగితాల ఫైలు. రొమ్ము క్యాన్సర్‌కి కీమో నడుస్తోంది. మందు ఎక్కించుకున్న రాత్రి నుంచి మూడు రోజుల పాటు మజ్జిగన్నం కూడా కడుపులో నిలవడం లేదు. అరికాళ్లలో సూదులు గుచ్చినట్టు మంట. కీమో హాల్లో పక్క కుర్చీలో కూర్చునే ఒక అమెరికన్ పెద్దావిడ "మెడికల్ మారిజువానా కార్డు తీసుకో, నాకు కాస్త ఆకలి పుట్టింది దానితోనే" అని చెప్పిందట. అంటే వైద్యం కోసం గంజాయి కొనుక్కోవడానికి రాష్ట్రం ఇచ్చే కార్డు. దరఖాస్తు నింపడానికి సాయం కావాలని నన్ను పిలిచింది.

మొదటి పేజీలోనే ఆగిపోయాం. పేరు, చిరునామా పెన్సిల్వేనియా లైసెన్సు మీద ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయాలి. మన పేర్ల సంగతి తెలిసిందే. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒక చోట ఉంటే లైసెన్సులో ఇంకో చోట ఉంటుంది. రెండు ముక్కల పేరు ఒక కాగితంలో కలిసిపోతుంది, ఇంకో కాగితంలో విడిపోతుంది. అవి సరిచూస్తుండగా నాకు అసలు అనుమానం వచ్చింది. ఈ ఫారానికి మనం రాష్ట్ర నివాసులమైతే చాలు. పౌరులమా, గ్రీన్‌కార్డు వాళ్లమా, వీసా మీద ఉన్నామా అన్నదానితో దానికి పని లేదు. ఆమె ఉన్నది హెచ్4 మీద, అంటే భర్త హెచ్1 ఉద్యోగ వీసాని ఆధారం చేసుకుని ఇచ్చే వీసా. గ్రీన్‌కార్డు కోసం భర్త కంపెనీ పెట్టిన ఐ-140 దరఖాస్తు అప్రూవ్ అయ్యి ఏళ్లు గడిచాయి, గ్రీన్‌కార్డు క్యూ మాత్రం కదలడం లేదు. రాష్ట్రం అడగని ఆ ఒక్క ప్రశ్న మీదే వాళ్ల బతుకంతా ఆధారపడి ఉంది.

కార్డు తీసుకోవడం కష్టమైన పనేమీ కాదు. పెన్సిల్వేనియాలో 2016లో వచ్చిన చట్టం ప్రకారం ముందు ఆరోగ్య శాఖ రిజిస్ట్రీలో ప్రొఫైల్ తెరవాలి. తర్వాత ఆ శాఖ అనుమతి ఉన్న డాక్టరు మనల్ని చూసి, జాబితాలో ఉన్న జబ్బే మనకుందని సర్టిఫై చేయాలి. క్యాన్సర్, నరాల జబ్బులు ఆ జాబితాలో ఉన్నాయి. ఆపై 50 డాలర్లు కడితే కార్డు ఇంటికొస్తుంది. దాన్ని చూపించి డిస్పెన్సరీలో, అంటే గంజాయి మందులు అమ్మే దుకాణంలో, మాత్రలు, నూనె, నాలుక కింద వేసుకునే చుక్కలు కొనుక్కోవచ్చు. పొగ తాగడానికి ఆ రాష్ట్రంలో అనుమతి లేదు. ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు.

ఇక్కడ ఒక మాట పట్టించుకోవాలి. డాక్టరు రాసేది ప్రిస్క్రిప్షన్ కాదు, సర్టిఫికెట్. ఎందుకంటే అమెరికా కేంద్ర ప్రభుత్వం 1970లో చేసిన మాదకద్రవ్యాల చట్టం గంజాయిని హెరాయిన్ పక్కనే, అన్నిటికన్నా కఠినమైన ఒకటో షెడ్యూల్లో పెట్టింది. ఆ షెడ్యూల్లో ఉన్నదాన్ని ఏ డాక్టరూ మందుగా రాయకూడదు. 2002లో ఒక ఫెడరల్ అప్పీల్ కోర్టు, గంజాయి పనికొస్తుందని రోగికి చెప్పడం డాక్టరుకున్న వాక్ స్వాతంత్ర్యమని తీర్పిచ్చింది. ఆ సందులోంచే రాష్ట్రాలు ఈ వ్యవస్థను కట్టుకున్నాయి. అంతకుముందే, 1996లో, కాలిఫోర్నియా ఓటర్లు దారి తెరిచారు. అదే కాలిఫోర్నియాకి చెందిన ఇద్దరు రోగుల కేసులో 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. రాష్ట్రం ఒప్పుకున్నా సరే, ఇంట్లో సొంతానికి పెంచుకున్న గంజాయిని కూడా కేంద్రం నిషేధించవచ్చని 6-3 తేడాతో తీర్పు వచ్చింది. 2014 నుంచి ఏటా బడ్జెట్‌లో ఒక షరతు పెట్టి, రాష్ట్రాల మెడికల్ గంజాయి కార్యక్రమాల జోలికి వెళ్లడానికి న్యాయశాఖ డబ్బు ఖర్చు పెట్టకుండా ఆపుతున్నారు. మామూలు అమెరికన్ రోగికి ఈ కార్డు ఇస్తున్న ధైర్యం అదే. చట్టం మారలేదు, పట్టుకునేవాడి చేతులు కట్టేశారు, అంతే.

ఆ షరతు ఇమిగ్రేషన్ విషయంలో ఎవరినీ కాపాడదు. వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వం మూడూ కేంద్రం చేతిలోవి. అక్కడ శిక్ష పడి ఉండాల్సిన అవసరం కూడా లేదు. మాదకద్రవ్యాల నేరానికి సరిపడే పని చేశానని ఒప్పుకున్నా చాలు, ప్రవేశానికి అనర్హులవుతారని చట్టంలోనే ఉంది. గ్రీన్‌కార్డుకి పెట్టే ఐ-485 ఫారంలో సూటిగా అడుగుతారు: ఏ రాష్ట్రానిదైనా, అమెరికాదైనా, వేరే దేశానిదైనా మాదకద్రవ్యాల చట్టాన్ని ఎప్పుడైనా ఉల్లంఘించారా? లేదని రాస్తే అబద్ధం అవుతుంది. ఇమిగ్రేషన్ ఫారంలో అబద్ధం రాయడం గంజాయికన్నా పెద్ద తప్పు, అది జీవితాంతం వెంటాడుతుంది. అవునని రాస్తే తలుపు మూసుకుపోవచ్చు. ఏమీ దాచకుండా, డాక్టరు చెప్పినట్టు నడుచుకున్న రోగిని ఇలా రెండు వైపులా ఇరికించడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లు కూడా ఊపిరి పీల్చుకోవడానికి లేదు. 2019 ఏప్రిల్ 19న ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ విషయం తేల్చి చెప్పారు. రాష్ట్ర చట్టం ప్రకారం తప్పు కాకపోయినా, కేంద్ర చట్టం ప్రకారం గంజాయి నేరమే కాబట్టి, పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన ఉన్నట్టు లెక్క కాదన్నారు. గంజాయి కంపెనీలో ఉద్యోగం కూడా అడ్డంకే అవుతుందన్నారు. మన పిల్లల్లో ఆ కంపెనీలకి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు, అకౌంట్స్ చూసేవాళ్లు ఉంటే వాళ్లూ ఒకసారి లాయరుతో మాట్లాడాలి. 30 గ్రాముల లోపు, సొంతానికి, ఒకే ఒక్కసారి అయితే చట్టంలో కొంత మినహాయింపు ఉంది. కానీ కార్డున్న రోగి నెలనెలా కొంటాడు. ఒక్కసారి అనే మాట అతనికి ఎలా వర్తిస్తుంది?

తమ్ముడి పెళ్లికి హైదరాబాద్ వెళ్లి తిరిగొచ్చే గ్రీన్‌కార్డు మనిషిని కూడా ఇలాంటి కారణం ఉంటే కొత్తగా ప్రవేశం కోరుతున్నట్టే చూడవచ్చు. ఎయిర్‌పోర్టులో అధికారి ఫోను అడిగితే అందులో కార్డు ఫొటో ఉంటుంది, డిస్పెన్సరీ మెసేజ్‌లు ఉంటాయి. వలసదారులకు న్యాయ సమాచారం అందించే ఇమిగ్రెంట్ లీగల్ రిసోర్స్ సెంటర్ లాంటి సంస్థలు ఏళ్ల తరబడి చెబుతున్నది ఇదే: పౌరసత్వం వచ్చేదాకా దూరంగా ఉండండి, తప్పనిసరైతే ముందు లాయరును కలవండి, కార్డు జేబులో పెట్టుకుని తిరగకండి.

"షెడ్యూల్ మారుస్తున్నారు కదా, ఇక టెన్షన్ ఎందుకు?" అని చాలామంది అడుగుతున్నారు. 2023 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ గంజాయిని అంత కఠినం కాని మూడో షెడ్యూల్‌కి మార్చమని సిఫార్సు చేసింది. 2024 మేలో న్యాయశాఖ ప్రతిపాదన పెట్టింది. 2025 డిసెంబరులో అధ్యక్షుడు ట్రంప్ ఆ పని త్వరగా పూర్తి చేయమని ఆదేశించారు. కానీ ఇమిగ్రేషన్ చట్టంలో ఉన్న మాట "ఒకటో షెడ్యూల్" కాదు, "నియంత్రిత పదార్థం". అంటే ఐదు షెడ్యూళ్లూ అందులోకే వస్తాయి. ఒకటి నుంచి మూడుకి దింపినంత మాత్రాన హెచ్1 మనిషి నెత్తి మీద కత్తి తొలగదు. అమెరికా కాంగ్రెస్ ఆ మాటను మార్చాలి. కనీసం రాష్ట్ర చట్టానికి లోబడి డాక్టరు సర్టిఫై చేసిన రోగిని ఆ నిబంధన నుంచి తప్పించాలి. మన సంఘాలు వాషింగ్టన్ వెళ్లి గ్రీన్‌కార్డు కోటా గురించి మాట్లాడుతున్నాయి. ఆ జాబితాలో ఈ ఒక్క వాక్యం కూడా చేర్చమని నా విన్నపం.

రాష్ట్రం మారితే కార్డు రూపమే మారిపోతుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో అసలు కార్డే లేదు. డాక్టరు రాష్ట్ర రిజిస్ట్రీలో ఎక్కిస్తాడు, రోగి తన గుర్తింపు చెప్పి మందు తీసుకుంటాడు. జార్జియాలో 2015 నుంచి కార్డు ఇస్తున్నా, నూనె అమ్మే దుకాణాలు తెరుచుకుంది 2023లో. ఎనిమిదేళ్లు రోగుల చేతిలో కార్డు ఉంది, కొనడానికి చోటు లేదు. ఓక్లహోమాలో జబ్బుల జాబితాయే లేదు, డాక్టరు సంతకం ఉంటే చాలు. ఎక్కడైనా కేంద్రం దగ్గరికొచ్చేసరికి లెక్క ఒకటే. కార్డున్న రాష్ట్రం నుంచి కార్డున్న ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లినా నేరమే.

ఇక అమ్మానాన్నల సంగతి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి మామూలుగా కార్డు రాదు, రాష్ట్ర నివాసులు కారు కాబట్టి. కానీ మోకాళ్ల నొప్పులతో అమ్మ రాత్రంతా మూలుగుతుంటే చూడలేక, కొడుకు తను కొన్న గమ్మీ (గంజాయి కలిపిన జెల్లీ బిళ్ల) ఒకటి చేతిలో పెట్టడం నేను విన్నాను. దయచేసి ఆ పని చేయకండి. రక్తం పలచబడే వార్‌ఫరిన్ లాంటి మందులతో ఇది గొడవ పెట్టుకుంటుంది. వయసు మీద పడ్డవాళ్లకి కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. పైగా మిగిలిన డబ్బా సూట్‌కేసులో శంషాబాద్ దాకా వస్తే, అక్కడ మాదకద్రవ్యాలపై 1985 నాటి మన ఎన్‌డీపీఎస్ చట్టం కాచుకుని ఉంటుంది. పెన్సిల్వేనియా కార్డు అక్కడ చిత్తుకాగితం.

మన భాషలో గంజాయి అనగానే విశాఖ ఏజెన్సీ, పోలీసులు, పట్టుబడ్డ లారీ గుర్తొస్తాయి. అందుకే రోగులు ఈ మాట డాక్టరు ముందు ఎత్తడానికే సిగ్గుపడుతున్నారు. మా స్నేహితురాలు కూడా తన క్యాన్సర్ డాక్టరుని అడగలేదు, పక్క కుర్చీ ఆవిడ మాట విని నేరుగా వెబ్‌సైటు తెరిచింది. ఆ సిగ్గు వల్ల ఆమె పోగొట్టుకోబోయింది చాలా పెద్ద విషయం. గంజాయిలో ఉండే టీహెచ్‌సీ అనే పదార్థాన్నే ల్యాబులో తయారు చేసి, డ్రోనాబినాల్ పేరుతో క్యాప్సూల్‌గా అమ్ముతున్నారు. మిగతా మందులకు లొంగని కీమో వాంతులకు 1985లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతిచ్చింది. డాక్టరు మామూలు ప్రిస్క్రిప్షన్ రాస్తాడు, మామూలు ఫార్మసీలో ఇస్తారు. రాష్ట్ర రిజిస్ట్రీ లేదు, కేంద్ర చట్టంతో పేచీ లేదు. కొన్ని రకాల మూర్ఛలకు 2018లో అనుమతి పొందిన ఎపిడియోలెక్స్ కూడా అలాంటిదే, అది గంజాయి మొక్క నుంచే తీసింది. అరికాళ్ల మంటకు క్యాన్సర్ డాక్టర్లు డ్యులాక్సెటిన్ అనే మందు రాస్తారు. ఇవి అందరికీ పడతాయని చెప్పను. డ్రోనాబినాల్‌తో తల తిరుగుడు, మగత వస్తాయి. మొక్కతో తగ్గింది క్యాప్సూల్‌తో తగ్గలేదనే రోగులూ ఉన్నారు. 2017లో అమెరికా నేషనల్ అకాడమీస్ అనే శాస్త్ర సంస్థ విడుదల చేసిన పెద్ద నివేదిక, కీమో వాంతులకు ఈ నోటి మందులు, పెద్దవాళ్లలో దీర్ఘకాలపు నొప్పికి గంజాయి పనిచేస్తాయనడానికి గట్టి ఆధారాలున్నాయని చెప్పింది. కాబట్టి రోగి కోరిక అత్యాశేమీ కాదు. వీసా మీద ఉన్న రోగికి భద్రమైన దారి ఏదో ముందు చెప్పాల్సిన బాధ్యత డాక్టరుకి ఉంది, సర్టిఫికెట్లు రాసే టెలీహెల్త్ కంపెనీకి ఇంకా ఎక్కువ ఉంది. పది నిమిషాల వీడియో కాల్‌లో ఇమిగ్రేషన్ గురించి ఒక్క వాక్యమైనా చెప్పాలని చట్టం పెడితే ఎన్నో ఇళ్లు నిలబడతాయి.

ఆ రోజు మేం సబ్మిట్ నొక్కలేదు. ఆమె భర్త ఆఫీసు నుంచి రాగానే ఇమిగ్రేషన్ లాయరుకి ఫోన్ చేశాడు. లాయరు రెండే రెండు మాటలు అడిగాడు: ఇప్పటికి ఏమైనా కొన్నారా, ఎక్కడైనా సంతకం పెట్టారా? లేదనగానే అవతల నుంచి నిట్టూర్పు వినిపించింది. తర్వాతి కీమోకి వెళ్లినప్పుడు స్నేహితురాలు తలొంచుకునే డాక్టరుని అడిగింది. ఆయన "ఇన్నాళ్లూ ఎందుకడగలేదమ్మా" అన్నట్టు చూసి, అక్కడికక్కడే క్యాప్సూల్ రాశాడు. ఇన్సూరెన్స్ ఒప్పుకోవడానికి ఆరు రోజులు పట్టింది. ఏడో రోజు మధ్యాహ్నం ఫోన్ చేసి, చారన్నం ఒక గిన్నెడు తిన్నానని చెప్పింది.