స్కానంటే నీళ్లే!

మా అపార్ట్‌మెంట్‌లో డాక్టర్లు లేరు కానీ వైద్యసలహాలకు లోటు లేదు. బాబాయికి టూడీ ఎకో అనే గుండె స్కాన్ రాశారని తెలియగానే, ఎప్పుడో కిడ్నీలో రాయికి స్కాన్ తీయించుకున్న మూడో అంతస్తు పెద్దాయన లిఫ్టులోనే చెప్పేశాడు. "స్కానంటే కడుపునిండా నీళ్లు తాగాలండీ. బాత్రూమ్‌కి వెళ్లారో, మళ్లీ మొదటికొస్తుంది!" ఏ పరీక్షకైనా పరగడుపే అంటూ పిన్ని టిఫిన్ కూడా పెట్టలేదు.

రెండూ తప్పే. ఛాతీ మీద నుంచి తీసే మామూలు ఎకోకి పస్తూ అక్కర్లేదు, నీళ్లూ అక్కర్లేదు. శుభ్రంగా ఇడ్లీ తిని వెళ్లొచ్చు. గొంతులోంచి గొట్టం దించి తీసే ఎకో వేరే ఉంది, పస్తు దానికి. ఇవన్నీ అక్కడికెళ్లాక తెలిసిన సంగతులు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కేసరికే బాబాయి ఒక లీటరు సీసా ఖాళీ చేసి రెండోది మొదలుపెట్టాడు. నాంపల్లి దాకా రాజకీయాలు మాట్లాడాడు. లక్డీకాపూల్ దగ్గర మాట ఆగింది. పంజాగుట్ట వచ్చేసరికి కళ్లు మూసుకుని ఏదో జపం. అమీర్‌పేటలో దిగి సెంటర్‌కి వెళ్తే మాకంటే ముందు బోలెడు టోకెన్లు. ఎదురుగా టాయిలెట్ బోర్డు. బాబాయి దానికి వీపు తిప్పి కూర్చున్నాడు.

ఎట్టకేలకు పిలిచారు. తోడుగా నన్నూ లోపలికి రానిచ్చారు. చొక్కా విప్పించి, ఛాతీకి వైర్లున్న స్టిక్కర్లు అంటించి, ఎడమ పక్కకి తిరిగి చెయ్యి తలకింద పెట్టుకోమన్నారు. అలా పడుకుంటే గుండె ఛాతీ గోడకి దగ్గరగా వస్తుందట. అసలే ఏసీ గది, పైగా చల్లటి జెల్. బాబాయి "అమ్మో!" అన్నాడు. అది చలికి కాదని నాకు తెలుసు. స్కాన్ చేసే అమ్మాయి పక్కటెముకల సందులో ప్రోబ్ ఆనించి, "అంకుల్, గాలి వదిలేసి ఊపిరి బిగపట్టండి" అంది.

"ఏదో ఒకటే బిగపట్టగలను తల్లీ!"

ఆ అమ్మాయికి విషయం అర్థమయ్యేలోపే బాబాయి మంచం దిగేశాడు. "వైర్లు అంకుల్, వైర్లు!"

తిరిగొచ్చాక మనిషే వేరు. తెర చూస్తూ అన్నీ సందేహాలే. నీలం రంగంతా చెడ్డరక్తమా? కాదట. ప్రోబ్ వైపు వచ్చే రక్తం ఎరుపు, దూరంగా పోయేది నీలం, అంతే. బ్లాకులున్నాయా? అవి చూడాలంటే యాంజియో చేయాలట. ఇందులో తెలిసేది గోడల కదలిక, కవాటాల పనితనం. ఇంతలో రక్తం పారే తీరు వినిపించే డాప్లర్ పెట్టగానే జుయ్ జుయ్‌మని నీళ్లు పారుతున్న చప్పుడు. "ఇది ఇందాకే పెట్టుంటే నా పరువు పోయేదమ్మా" అన్నాడు బాబాయి.

రిపోర్టులో ఈఎఫ్ 60 శాతం అని వచ్చింది. రిటైరైన లెక్కల మాస్టారు కదా, బాబాయి మొహం మాడిపోయింది. "బొటాబొటీ ఫస్ట్ క్లాసా? డిస్టింక్షన్ రాలేదా?"

డాక్టరుగారు ఓపిగ్గానే చెప్పారు. ఎడమ జఠరికలో, అంటే గుండె ఎడమవైపు కింది గదిలో, నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి ఎంత బయటికి నెడుతోందో అదే ఆ లెక్క. 55 నుంచి 70 మధ్య ఉంటే గుండె భేషుగ్గా ఉన్నట్టే. వందకి వంద ఎవరికీ రాదు.

బాబాయి రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"పోనీ డాక్టరుగారూ, రీకౌంటింగ్ పెట్టిస్తే ఓ ఐదు పెరుగుతాయంటారా?"