వెరావల్ వెళ్ళిన సాక్షి 21 రోజుల్లో వస్తాడా?

మా శ్రీకాకుళం గ్రూపుల్లో వారం రోజులుగా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. మా బాబాయ్ ఒక్కరే నాకు మూడుసార్లు పంపారు. "మన రాష్ట్రంలో అత్యాచారం చేసినవాళ్ళకి 21 రోజుల్లో ఉరి వేసే దిశ చట్టం ఉంది, కావాలనే అమలు చెయ్యడం లేదు. పైగా కేంద్రం కొత్త చట్టం తెచ్చి, మూడోవంతు శిక్షాకాలం జైల్లో ఉంటే హంతకుణ్ణయినా వదిలేయమంది." ఇదీ దాని సారం. రోజూ కోర్టు వరండాలో ఫైళ్ళు మోసేవాణ్ణి కాబట్టి, బాబాయ్‌కి ఫోన్లో చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

దిశ చట్టం అమలు చెయ్యకపోవడం కాదు, అది చట్టమే కాలేదు. 2019 డిసెంబర్ 13న అసెంబ్లీ ఆమోదించింది బిల్లుని. నేర విచారణ ఉమ్మడి జాబితాలో ఉంది, అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చెయ్యగల విషయం. కేంద్ర చట్టానికి భిన్నంగా రాష్ట్రం రాసుకున్నది చెల్లాలంటే రాజ్యాంగం 254(2) ప్రకారం రాష్ట్రపతి ఆమోదం ఉండాలి. ఆ ఆమోదం రాలేదు. ఆ పేరుతో యాప్, పోలీస్ స్టేషన్లు వచ్చేసరికి చట్టం కూడా వచ్చేసిందనుకున్నారు జనం.

ఇక 21 రోజుల్లో ఉరి. బిల్లులో ఉన్నది దర్యాప్తుకి 7 పనిదినాలు, విచారణకి 14. అంటే తీర్పు వరకే. ఉరిశిక్ష పడితే హైకోర్టు ఖాయం చెయ్యాలి, ఆపైన సుప్రీంకోర్టు ఉంది. అసలు ఆ 14 రోజుల్లో విచారణ ఎలా సాగుతుందో కాగితం మీద రాసేవాళ్ళు ఒక్కసారి మా వరండాకి రావాలి. ఒక కొట్లాట కేసులో కళ్ళారా చూసినవాడు మత్స్యకారుడు. సమన్లు ఇంటికి చేరేసరికి గుజరాత్‌లోని వెరావల్‌లో బోటెక్కేశాడు. "మే నెల్లో వత్తాడు బావూ" అందట వాళ్ళావిడ. కానిస్టేబుల్ అదే రాసి తెచ్చాడు. వాయిదా. మే నెల్లో వచ్చాడు పాపం, ఆ రోజు పీపీ గారికి, అంటే ప్రభుత్వం తరఫున వాదించే లాయరుకి, ఇంకో కోర్టులో పని. మళ్ళీ వాయిదా. మూడోసారి పొద్దున్నించి బల్ల మీద కూర్చుని, రెండు టీలు తాగి, సాయంత్రం సాక్ష్యం చెప్పాడు. అప్పటికి ఎవరు ముందు కర్ర ఎత్తారో ఆయనకే సరిగ్గా గుర్తు లేదు. చట్టంలో రోజులు తగ్గించినంత మాత్రాన బోటు వెనక్కి రాదు కదా!

మూడోవంతు గడిస్తే హంతకుణ్ణయినా వదిలేస్తారన్నది పచ్చి అబద్ధం. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో, అంటే నేర విచారణ ఎలా జరగాలో చెప్పే కేంద్ర చట్టంలో, ఆ మూడోవంతు మాటున్నది 479వ సెక్షన్లో. కేసు తేలకుండా జైల్లో ఉన్నవాళ్ళ గురించి అది. గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్ళు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం, మిగతావాళ్ళు సగం జైల్లో గడిపి ఉండాలి. మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడే అవకాశమున్న నేరాలకి ఇది వర్తించదు. హత్య అక్కడే పోయింది. ఒకటికి మించి కేసులు పెండింగులో ఉన్నవాడికీ ఈ సెక్షన్ కింద విడుదల లేదు. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్ళు, అందులో మూడోవంతు ఏడాది. అదీ వదిలేయడం కాదు, బెయిలే. కేసు నడుస్తూనే ఉంటుంది, వాయిదాలకి రావాల్సిందే.

"జైల్లో ఉన్నవాళ్ళంతా నేరగాళ్ళే" అన్నది ఆ మెసేజ్‌లో చెప్పకుండా చెప్పిన మాట. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం మందిపై నేరం రుజువే కాలేదు. బెయిల్ వచ్చినా బయటికి రానివాళ్ళున్నారు. మామూలుగా హామీ సంతకం పెట్టే ఇద్దరు ష్యూరిటీలు కావాలి, వాళ్ళకి ఆస్తి కాగితాలుండాలి. ఏజెన్సీ ఊరినుంచి కూలికొచ్చినవాడికి ఎవరు సంతకం పెడతారు? బెయిలొచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకి తెలియజెయ్యాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. మన జిల్లావాళ్ళకి ఫార్వర్డ్ చెయ్యాల్సిన సంగతేదైనా ఉంటే ఇదీ, కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారన్నదీ.

రాష్ట్రం ఏమీ చెయ్యలేదా అని బాబాయ్ అడిగారు. చెయ్యగలదు. పోలీసు, జైళ్ళు రాష్ట్ర జాబితాలోవే. పీపీలని పెంచడానికీ, ఖైదీని వాయిదాకి తీసుకొచ్చే ఎస్కార్టుకి మనుషుల్ని ఇవ్వడానికీ ఢిల్లీ సంతకం అక్కర్లేదు.